గజ్జల్లో హెర్నియా: కోసి చేయాలా, లాప్రోస్కోపీయా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. కుడి గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు వస్తోంది, పడుకుంటే లోపలికి పోతోంది. ఒక డాక్టరు కోసి మెష్ (వల) వేస్తామన్నారు, ఇంకొకరు లాప్రోస్కోపీ మేలన్నారు. మెష్ వేయించుకున్న మా బాబాయికి ఏడాదైనా నొప్పి తగ్గలేదు. నాన్నగారికి మూడేళ్ల క్రితం ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: ముందు ప్రోస్టేట్ ఆపరేషన్ నాటి డిశ్చార్జ్ కాగితాలు వెతకండి. మూత్రమార్గం గుండా గీకి తీసి ఉంటే ఏ పద్ధతికీ అడ్డు లేదు. పొత్తికడుపు వైపు నుంచి గ్రంథిని తీసి ఉంటే మాత్రం, లాప్రోస్కోపీలో మెష్ పరచాల్సిన చోటే పొరలు అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీసేటప్పుడు మూత్రాశయానికి గాయమయ్యే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు ముందు నుంచి కోసి చేసే లిక్టెన్‌స్టైన్ పద్ధతే మంచిది. దీన్ని ఆ భాగానికి మాత్రమే మత్తిచ్చి కూడా చేయవచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవారికి అది పెద్ద వెసులుబాటు.

ఇందులో సుమారు 7×15 సెంటీమీటర్ల పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) మెష్‌ను బలహీనపడిన పొట్ట గోడ మీద పరుస్తారు. లోపలి వైపు జఘనాస్థి (పొత్తికడుపు అడుగున ఉండే ఎముక) మీదుగా అది కనీసం 2 సెంటీమీటర్లు దాటాలి. అక్కడ పొట్టిగా ఉంటే హెర్నియా మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. లాప్రోస్కోపీకి 10×15 మెష్ కావాలి, సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. రెండు వైపులా హెర్నియా ఉన్నా, కోసి చేసిన చోట తిరిగి వచ్చినా అదే మేలు. తొందరగా పనిలో పడొచ్చు, దీర్ఘకాలపు నొప్పీ తక్కువ. కానీ ఆ సర్జన్‌కు చేయి బాగా తిరిగి ఉండాలి.

బాబాయిగారి నొప్పికి ఎప్పుడూ మెష్‌నే నిందించలేం. కోసి చేసేటప్పుడు ఆ దారిలో మూడు నరాలు ఎదురవుతాయి. వాటిలో ఒకటి కుట్టులోనో, మచ్చలోనో ఇరుక్కున్నా ఇలాగే ఉంటుంది. పనులకు అడ్డుపడే నొప్పి సుమారు పదిమందిలో ఒకరికి మూడు నెలలు దాటినా ఉంటుంది. ఆయన్ని ఇంకా ఓర్చుకోమనకండి. హెర్నియా తిరిగి రాలేదని స్కాన్‌లో తేల్చుకుని, నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూడాలి. మీరు మీ సర్జన్‌ను ‘మూడు నరాలనూ గుర్తించి చేస్తారా?’ అని తప్పక అడగండి.

నాన్నగారికి నొప్పి లేకుంటే కొన్నాళ్లు ఆగడమూ తప్పు కాదు. 2006లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఆగిన మగవారిలో హెర్నియా లోపలికి పోకుండా ఇరుక్కున్నది ఏడాదికి వెయ్యికి ఇద్దరి లోపే. అయితే వాళ్లలో చాలామంది పదేళ్లలో నొప్పి పెరిగి ఆపరేషన్‌కే వచ్చారు. బియ్యం బస్తాలెత్తే మనిషి కాబట్టి, మరీ జాప్యం చేయవద్దనే నా మాట. ఆడవారి విషయంలో మాత్రం ఆగకూడదు. వాళ్లలో మగవారికంటే ఎక్కువగా కనిపించే, తొడ మొదట్లో వచ్చే రకం తొందరగా ఇరుక్కుంటుంది.

దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కడం ఉంటే ముందే మందులు వాడాలి. ఆపరేషన్ రోజు సాయంత్రమే నడవొచ్చు. బస్తాలు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాల దాకా వద్దు. వృషణాల సంచి నల్లబడటం, కోత కింద మొద్దుబారడం మామూలే. అదే చోట మళ్లీ గడ్డలా ఉబ్బితే కంగారొద్దు. అది చాలాసార్లు నీరే, వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది, సూదితో తీయించకండి.

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పితో వాంతులైనా దాన్ని బలంగా నొక్కకండి, ఏమీ తినిపించకండి, తాగించకండి. 108కి ఫోన్ చేసి, రాత్రయినా సరే, ఉస్మానియా, గాంధీ లాంటి అత్యవసర సర్జరీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.