ఇల్లు అత్తగారి పేరు మీద ఉంటే నాకు హక్కు లేదా?

ప్రశ్న: పెళ్లయి ఆరేళ్లు. మా ఆయన చీటికీ మాటికీ కొడతారు. పోయిన నెల మా అత్తగారు "ఇల్లు నాది, బయటికి నడు" అని గెంటేస్తే పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేశాను. నా సర్టిఫికెట్లు, బంగారం అక్కడే ఉండిపోయాయి. ఆయన్ని జైల్లో పెట్టించాలని లేదు, దెబ్బలు ఆగితే చాలు. లాయరును పెట్టుకునే స్తోమత లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఇంటి సంగతి చూద్దామమ్మా, ఎందుకంటే ఈ ఒక్క బెదిరింపుకే భయపడి ఏళ్ల తరబడి దెబ్బలు తినేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇల్లు ఎవరి పేరు మీదున్నా, కోడలిగా మీరు అందులో కాపురం చేశారు కాబట్టి 2005 గృహహింస చట్టం ప్రకారం అక్కడ ఉండే హక్కు మీకుంది. అత్తమామల సొంత ఇల్లయినా ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆస్తిలో వాటా వస్తుందని కాదు, చట్టప్రకారం తప్ప మిమ్మల్ని గెంటేయడానికి వీల్లేదని. కొట్టే భర్తను ఇల్లు ఖాళీ చేయమని కోర్టు చెప్పవచ్చు, కానీ అత్తగారిని అలా పంపలేదు, ఆడవాళ్ల మీద ఆ ఉత్తర్వు ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. అంటే మళ్లీ ఆమెతో ఒకే కప్పు కింద ఉండాలి. అది మీవల్ల కాదనిపిస్తే విడిగా ఉండటానికి అద్దె ఇప్పించమని అడగండి, నన్నడిగితే మీకు అదే మేలు. సర్టిఫికెట్లు, బంగారం తిరిగి ఇప్పించమని, పాపకూ మీకూ ఖర్చులకు డబ్బు ఇప్పించమని కూడా అదే పిటిషన్‌లో అడగవచ్చు.

జైలు గురించి టెన్షన్ వద్దు. గృహహింస చట్టం కింద కేసు (డీవీ కేసు) వేయగానే ఎవరినీ అరెస్టు చేయరు. ఇకపై చేయి చేసుకోకూడదని కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఆయన మీరితేనే అది నేరం, అప్పుడు ఏడాది వరకు జైలు గానీ 20,000 రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పాత 498ఏ, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 85వ సెక్షన్ కింద పెట్టే క్రిమినల్ కేసు వేరు, అది పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కేసు కోసం ఆ ఊరు వెళ్లక్కర్లేదు, మీరిప్పుడు ఉంటున్న చోటే వేయవచ్చు. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణ అధికారి ఉంటారు, ఆ అధికారి మీరు చెప్పింది రాసుకుని మేజిస్ట్రేటుకు నివేదిక పంపుతారు. అక్కడ మాత్రం "రోజూ కొడతాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఫలానా తేదీ రాత్రి ఛార్జర్ వైరుతో వీపు మీద కొట్టాడు, పక్కింటావిడ వచ్చి ఆపింది, మర్నాడు ఫలానా ఆస్పత్రిలో చూపించుకున్నాను, ఇలా గుర్తున్నంత వరకు వివరంగా చెప్పండి. ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, ఆస్పత్రి చీటీలు ఉంటే పారేయకండి. 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా వాయిదాలు పడుతూనే ఉంటాయి, అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వు అడగమని లాయరుకు గట్టిగా చెప్పండి.

లాయరు ఖర్చు మీకు ఉండదు. ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 181కి చేయండి, దగ్గర్లోని సఖి కేంద్రానికి కలుపుతారు, అక్కడ కౌన్సెలింగ్, వైద్యం, కొద్ది రోజులు తలదాచుకునే చోటు అన్నీ ఉంటాయి.

ఈలోగా పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తామంటే, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆయన మీ పుట్టింటి మీదకి గొడవకొస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి.