నందివర్ధనం బెరడు కషాయం మోకాళ్ల నొప్పులకు ఇవ్వొచ్చా?

మీ అమ్మగారికి 62 ఏళ్లు, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేకపోతున్నారు, నందివర్ధనంలో మార్ఫిన్ లాంటి నొప్పి మందు ఉందని వాట్సాప్‌లో వచ్చింది, పెరట్లో చెట్టుంది కాబట్టి బెరడు కాచి ఇవ్వొచ్చా అని అడిగారు. దయచేసి ఇవ్వకండి. ఆ మెసేజ్‌లో చెప్పిన మందు నిజంగానే ఉంది. కానీ కషాయంలోకి అది లెక్కలోకి రానంత తక్కువ దిగుతుంది, దాని బదులు వేరేవి చాలా దిగుతాయి.

నేను విశాఖలోనే ఎం.ఫార్మసీ చదివాను. ప్రాజెక్టుకి ఎంవీపీ కాలనీలో మా ఇంటి గేటు పక్కనున్న నందివర్ధనం బెరడే తీసుకున్నాను. చాకు పెట్టగానే తెల్లటి పాలు కారి వేళ్లకు అంటుకున్నాయి. ఆరాక బంకలా సాగాయి, సబ్బుతో ఎంత రుద్దినా ఒక పట్టాన పోలేదు. బెరడును నీడలో ఆరబెట్టాలి. మన ఊరి తేమ సంగతి మీకు తెలిసిందే, మొదటిసారి బూజు పట్టి మొత్తం పారబోశాను. రెండోసారి పొడి చేసి, మిథనాల్‌తో సారం తీసి, అందులో ఆల్కలాయిడ్లను (మొక్కల్లో ఉండే, ఒంటి మీద మందులాగో విషంలాగో పనిచేసే రసాయనాలను) పట్టిచ్చే డ్రాగెన్‌డార్ఫ్ రియేజెంట్ చుక్కలు వేశాను. టెస్ట్‌ట్యూబ్ అడుగున నారింజ రంగు మడ్డి దిగింది. పరుగున వెళ్లి మేడమ్‌కి చూపిస్తే, "ఆల్కలాయిడ్లు ఉన్నాయని తేలింది. ఏవి ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి?" అన్నారు. మీ ప్రశ్న కూడా అక్కడే తేలాలి.

ఆ మందు పేరు కోనోలిడిన్. నందివర్ధనం కాండం బెరడులో దాన్ని కనుక్కున్నామని మలేషియా శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. వాళ్లకు దొరికింది 0.00014 శాతం, అంటే కిలో బెరడుకు 1.4 మిల్లీగ్రాములు! మా గేటు పక్క చెట్టును నిలువునా ఒలిచినా కిలో బెరడు రాదు. ఎలుకల మీద పరీక్షించడానికి కూడా సరిపడా సరుకు చెట్టు నుంచి రాదు కాబట్టి, ఫ్లోరిడాలోని స్క్రిప్స్ సంస్థలో గ్లెన్ మికలిజియో బృందం దాన్ని 9 దశల్లో ల్యాబ్‌లోనే తయారు చేసింది. లారా బోన్ బృందం ఎలుకలకు ఇచ్చి చూస్తే నొప్పి తగ్గింది. ఇది 2011 నాటి మాట. అందరినీ ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, మార్ఫిన్ పనిచేసే ఓపియాయిడ్ రిసెప్టర్‌తో (కణం మీద మార్ఫిన్ అతుక్కునే చోటుతో) దీనికి పని పడలేదు.

మరి నొప్పి ఎలా తగ్గింది? దీనికి లక్సెంబర్గ్ పరిశోధకులు చెప్పిన జవాబు నాకు చాలా ఇష్టం. మన ఒంట్లోనే నొప్పిని తగ్గించే ఎన్‌కెఫాలిన్ల లాంటి పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కలు) తయారవుతాయి. ఏసీకేఆర్3 అనే రిసెప్టర్ వాటిని పట్టి మింగేస్తుంది, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు. కోనోలిడిన్ వెళ్లి ఆ రిసెప్టర్‌కే అతుక్కుంటుందని 2021లో చూపించారు. చిల్లు మూసుకుంటే మన సొంత మందు మనకే మిగులుతుంది. మార్ఫిన్‌తో వచ్చే అలవాటు, మలబద్ధకం, శ్వాస మందగించడం లేని మందుకు ఇదొక దారి కావచ్చని ఆశ. అయితే ఇదంతా కణాల మీద, ఎలుకల మీద తేలిన విషయం. మీ అమ్మగారి వయసువాళ్లకు ఎంత డోసు ఇవ్వాలో ఇందులో ఎక్కడా లేదు.

ఇక ఆ వేరేవి. ఈ మొక్కలో అరవైకి పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. కొన్ని నరాల మీద పనిచేస్తాయి. కొన్ని గుండె లయను చెడగొట్టే ఐబోగైన్ అనే ఆల్కలాయిడ్‌కు దగ్గరి చుట్టాలు. నందివర్ధనం గన్నేరు కుటుంబంలోది. బిళ్ల గన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వస్తుంది, అలాగని ఆకులు కాచి క్యాన్సర్ రోగికి పట్టం కదా!

గాజువాకలో మా మేనత్త ఎవరో చెప్పారని నందివర్ధనం వేరు కషాయం తాగింది. మూడో రోజు వాంతులు, కళ్లు తిరగడం. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ మొదట అడిగింది "ఏం తాగారు?" అనే. అత్తేమో "పూజకి కోసే తెల్లపూల చెట్టు" అంటుంది. అలాంటి చెట్లు ఎన్ని! మా బావ బండి మీద ఇంటికెళ్లి కొమ్మ విరుచుకొస్తే గానీ పేరు తేలలేదు. అప్పటికి గంట దాటిపోయింది. నేను అక్కడే ఉన్నాను, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఆన్‌లైన్‌లో కోనోలిడిన్ చుక్కలని అమ్ముతున్నారు కదా అంటారేమో. నేను ఒక సీసా తెప్పించి చూశాను. లేబుల్ మీద పెద్ద అక్షరాలతో పేరైతే ఉంది, చుక్కకు ఎన్ని మిల్లీగ్రాములో లేదు. డబ్బు పెట్టకండి.

అమ్మగారిని ఎముకల డాక్టర్‌కి చూపించండి. మోకాలి అరుగుదలే అయితే, తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చేయించండి. మా అమ్మకు మేలు చేసింది అదే. ఒకవేళ ఇప్పటికే కషాయం పట్టించి ఉంటే వెంటనే ఆపేయండి. వాంతులు, గుండె దడ, తల తిరగడం ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పూలున్న కొమ్మ ఒకటి, మిగిలిన కషాయం సీసాలో పోసి వెంట పట్టుకెళ్లండి.