డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టగానే ‘నో సిగ్నల్’: సమాధానం

పాత రకం వీజీఏ కేబుల్‌తో బాగానే వచ్చిన మానిటర్, విజయవాడ గవర్నర్‌పేటలో కొన్న డిస్‌ప్లేపోర్ట్–హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే ‘నో సిగ్నల్’ అంటోందన్నారు కదా. టెన్షన్ పడకండి, మానిటర్ పోయి ఉండదు. మీ ల్యాప్‌టాప్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ, మానిటర్‌కి ఉన్నది డిస్‌ప్లేపోర్ట్, చిక్కంతా అక్కడే. ఈ రకం కేబుళ్లు దాదాపు అన్నీ వన్‌వే. డిస్‌ప్లేపోర్ట్ కొస కంప్యూటర్‌కి, హెచ్‌డీఎంఐ కొస మానిటర్‌కి ఉండాలి. తిరగేస్తే బొమ్మ రాదు, కొట్టువాళ్లు ఏం చెప్పినా సరే. ఆ కేబుల్ కొట్లో వాపసిచ్చి ‘హెచ్‌డీఎంఐ టు డిస్‌ప్లేపోర్ట్’ యాక్టివ్ కన్వర్టర్ (లోపల చిప్‌తో సిగ్నల్‌ని మార్చేది) అడగండి. చాలావాటికి కరెంటు కోసం చిన్న యూఎస్‌బీ తోక ఉంటుంది, దాన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి పెడితే చాలు. మానిటర్ వెనక హెచ్‌డీఎంఐ పోర్ట్ కూడా ఉంటే ఇంత ఖర్చెందుకు, మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. ఏది పెట్టినా మానిటర్ మెనూలో ఇన్‌పుట్‌ని ఆ పోర్ట్‌కి మార్చండి. కొన్ని మానిటర్లు వీజీఏ దగ్గరే ఆగిపోతాయి.