వెండర్ అడ్రస్‌లు ఎక్కించే ఉద్యోగం మానేయించాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీకాం కంప్యూటర్స్ చదివింది. శ్రీసిటీలో విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఎనిమిది నెలలుగా చేస్తోంది. జీతం 18 వేలు. రోజంతా శాప్ అనే కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వెండర్ల (సరుకు సరఫరా చేసేవాళ్ల) పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు, ఈమెయిల్‌లు ఎక్కించడమే పని. డిగ్రీ చదివించింది ఇందుకేనా అనిపిస్తోంది. ఏఐ వచ్చాక ఈ ఉద్యోగమైనా ఉంటుందా? మానేయించి హైదరాబాద్‌లో లక్షన్నర కట్టి శాప్ ఎంఎం (కొనుగోళ్లు, సరుకు నిల్వల భాగం) కోర్సు చేయించమంటారా? లేదంటే ఐసెట్ రాయించి ఎంబీఏలో చేర్పించాలా? మూడూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం ఉంది, కోర్సు ఫీజు ఉంది, ఏఐ కూడా ఉంది. ఆ పని అమ్మాయికి నచ్చిందో లేదో మాత్రం ఎక్కడా లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. వాటిలో చాలావాటి వెనక ఉండే బెంగ ఒక్కటే. పెళ్లిలోనో పేరంటంలోనో ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అని ఎవరో అడుగుతారు. ‘కంప్యూటర్లో అడ్రస్‌లు కొడుతోంది’ అనడానికి నోరు రాదు. ‘శాప్ కన్సల్టెంట్’ అంటే బరువుగా ఉంటుంది. ఆ బరువు కోసం లక్షన్నర పెట్టే ముందు అమ్మాయి రోజూ కుర్చీలో కూర్చుని చేస్తున్న పనేమిటో కాస్త చూడండి.

కొత్త వెండర్ ఫారం ఒకటి వచ్చిందనుకుందాం. పేరు శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్, ఊరు తిరుపతి. మన ప్రాంతంలో బోర్డుల మీద సగం స్వామి పేరే, మిగతా సగం బాలాజీ, పద్మావతి. సిస్టంలో వెతికితే అప్పటికే ఒక ఎస్.వి. ట్రేడర్స్, ఇంకో శ్రీ వెంకటేశ్వరా ట్రేడర్స్ కనిపిస్తాయి. ముగ్గురూ ఒకరేనా, వేర్వేరా? పేరు చూసి చెప్పలేం. జీఎస్టీ నంబర్ చూడాలి. అందులో 15 అంకెలు, అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్: మనకు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. ఆ తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. తిరుపతిలో ఒక షాపు, చెన్నైలో ఒక గోడౌన్ ఉన్నాయంటే జీఎస్టీ నంబర్లు రెండు, లోపలి పాన్ ఒక్కటే. ఇది గమనించకుండా ఒకే షాపుకు రెండు వెండర్ కోడ్‌లు (సిస్టంలో వెండర్‌కు ఇచ్చే నంబర్లు) తెరిస్తే ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిపోవచ్చు. ఈ బిల్లు ముందే వచ్చిందా అని సాఫ్ట్‌వేర్ చూసేది సాధారణంగా ఒక కోడ్ లోపలే. రెండో కోడ్ మీద వస్తే దానికి అది కొత్త బిల్లే.

అడ్రస్ సంగతి చూడండి. శ్రీసిటీ నుంచి తమిళనాడు సరిహద్దు కూతవేటు దూరం. తడలో ఉన్న వెండర్ మన రాష్ట్రం వాడు, ఆ పక్కనే గుమ్మిడిపూండిలో ఉన్నవాడు కాడు. రాష్ట్రం గడిలో తప్పు పడితే రాష్ట్రాల మధ్య సరుకుకు వేసే ఐజీఎస్టీ పడాల్సిన చోట రాష్ట్రం లోపలి సరుకుకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడి, అకౌంట్స్ వాళ్లు నెలాఖరున తల పట్టుకుంటారు. పాత రికార్డుల్లో తడ నెల్లూరు జిల్లాలో, సత్యవేడు చిత్తూరు జిల్లాలో ఉంటాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి రెండూ తిరుపతి జిల్లా. బ్యాంకు వివరాలదీ ఇదే గొడవ. ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో, సిండికేట్ బ్యాంక్ కెనరాలో కలిసింది 2020 ఏప్రిల్ 1న. ఇప్పటికీ బీరువాలోంచి పాత చెక్కు తీసి క్యాన్సిల్డ్ అని రాసి పంపేవాళ్లు ఉన్నారు. దాని మీది ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) ఇప్పుడు పనికిరాదు. అన్నట్టు ఐఎఫ్ఎస్‌సీలో ఐదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ‘ఓ’ అక్షరం కొట్టేవాళ్లకు లెక్కలేదు.

ఇక మీరు తేలిగ్గా రాసిన ఫోన్ నంబర్. ‘మా ఖాతా మారింది, ఇకపై డబ్బు ఈ ఖాతాకు పంపండి’ అని వెండర్ పేరుతో దొంగ మెయిల్ వస్తుంది. అందులోనే ఒక నంబర్ కూడా ఇస్తారు. ఆ నంబర్‌కు చేస్తే అవతల ఎత్తేది దొంగే. ముందే రికార్డులో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ రోజు కంపెనీ లక్షలు నిలబడతాయా పోతాయా అన్నది ఎప్పుడో ఒక అమ్మాయి సరిగ్గా ఎక్కించిన పది అంకెల మీద ఉంటుంది. ఈ అమ్మాయి పనిని మీరు ‘ఎక్కించడమే’ అని రాశారు. కోపం తెచ్చుకోకండి, ఆ మాట ఇంట్లో కూడా అంటూ ఉంటే మానేయండి. సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన పిల్లకు అది ఎలా వినబడుతుందో ఆలోచించండి.

ఏఐ గురించి దాచకుండా చెబుతాను. టైపింగ్ పోతుంది. పీడీఎఫ్ చదివి గడులు నింపే సాఫ్ట్‌వేర్లు ఇప్పటికే ఉన్నాయి. వెండరే పోర్టల్‌లోకి వచ్చి తన వివరాలు తానే నింపుకునే పద్ధతి పెద్ద కంపెనీల్లో మామూలైంది. ఫారంలో ఉన్నది ఉన్నట్టు దించడం వరకే నేర్చుకుంటే మీ భయం నిజమే. కానీ వెండర్ నింపిందాన్ని నమ్మాలా వద్దా అని చూసే మనిషి కావాలి. ఎనిమిది నెలల్లో మీ అమ్మాయికి ఆ కన్ను ఎంతో కొంత వచ్చే ఉంటుంది. అడిగి చూడండి, మీకు తెలియని కథలు చెబుతుంది.

ఇప్పుడు శాప్ కోర్సు. శాప్ మంచిదే, నా అనుమానమల్లా కోర్సు మీద. జీవితంలో ఒక్క పీవో (కొనుగోలు ఆర్డర్) చూడకుండా ఎంఎం సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. స్క్రీన్‌లు కంఠతా వచ్చు. సరుకు తక్కువ వచ్చి బిల్లు ఎక్కువకు వస్తే ఏం చేస్తావంటే దిక్కులు చూస్తారు. ఫ్రెషర్‌ని కన్సల్టెంట్‌గా తీసుకునేవాళ్లు తక్కువ కాబట్టి, కొన్నిచోట్ల ‘రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం’ అని మెల్లగా చెవిలో వేస్తారు. పీఎఫ్ రికార్డు తీస్తే ఎవరు ఎక్కడ, ఎప్పటి నుంచి పనిచేశారో బయటపడుతుంది. దొరికితే ఉద్యోగం పోవడంతో ఆగదు. వాళ్లు దొంగతనంగా రాయించుకునే అనుభవం మీ అమ్మాయికి నిజంగా వస్తోంది, పైగా జీతం ఇచ్చి మరీ నేర్పుతున్నారు. దాన్ని ఆపి, అదే స్క్రీన్ డబ్బు కట్టి చూపిస్తామంటున్నారు మీరు!

శాప్ పాత వెర్షన్ ఈసీసీకి మామూలు సపోర్ట్ 2027 చివరితో ఆగుతుంది. కంపెనీలు కొత్త వెర్షన్ ఎస్/4 హానాకు మారుతున్నాయి. అక్కడ వెండర్, కస్టమర్ వేర్వేరు కాదు, ఇద్దరూ బిజినెస్ పార్ట్‌నరే. మారే ముందు పాత వెండర్ల చెత్తంతా ఏరాలి. ఆ పని ఇన్‌స్టిట్యూట్‌లో రాదు, ఆమె సీటులోనే వస్తుంది. రెండేళ్ల తర్వాత ఆమే కోర్సు కావాలంటే చేయించండి. డబ్బు కట్టే ముందు మాత్రం కొత్త వెండర్‌ను ఎలా తెరుస్తారో చూపించమనాలి. ఎస్/4 హానా అని బోర్డు పెట్టి ఇంకా వెండర్‌ను తెరిచే పాత స్క్రీన్ ఎక్స్‌కే01 దగ్గరే మొదలుపెడితే, లేచి వచ్చేయాలి.

ఎంబీఏ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉన్నాయి, ఎక్కడికీ పోవు. పర్చేజ్ మీద ఆసక్తి పుట్టాక చదివితే అర్థమవుతుంది. ఇప్పుడైతే మీకు చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది, అంతే.

అమ్మాయికి ఒక మాట. అమ్మా, నువ్వు తెరిచిన కోడ్ తర్వాత ఎక్కడికి పోతోందో చూడు: పీవో, సరుకు దిగాక అందినట్టు రాసే జీఆర్ఎన్, ఆ మీద బిల్లు, మూడూ సరిపోలితే పేమెంట్. వారంలో ఒక గంట అకౌంట్స్ వాళ్ల పక్కన కూర్చోనివ్వమని మేనేజర్‌ని అడుగు. పేమెంట్ ఇచ్చే అధికారం నీకు రాదు. వెండర్‌ను తెరిచేవాళ్లకు అది ఇవ్వకూడదన్నది ఎక్కడైనా ఉండే నియమం, నీ మీద నమ్మకం లేక కాదు. ఇంకో ఏడాది గడిచినా అదే స్క్రీన్, అదే ఫారం అయితే మొహమాటపడకుండా కంపెనీ మారు. శ్రీసిటీలోనే బోలెడు ఉన్నాయి, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లున్నాయి, చెన్నై ఎలాగూ ఉంది. రెజ్యూమెలో ‘డేటా ఎంట్రీ’ అని రాయకు. వెండర్ మాస్టర్, జీఎస్టీ, బ్యాంకు వివరాల వెరిఫికేషన్, డూప్లికేట్ కోడ్‌ల ఏరివేత అని రాయి. ఎన్ని డూప్లికేట్లు పట్టుకున్నావో ఇవాళ్టి నుంచే ఒక నోట్‌బుక్‌లో లెక్క పెట్టుకో, ఇంటర్వ్యూలో అడుగుతారు.