హాస్పిటల్ మారితే ఈ అలసట పోతుందా?

ప్రశ్న: మాది కందుకూరు. మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఇంగ్లండ్ వచ్చి, స్టాఫ్ నర్సుగా చేరి ఏడు నెలలైంది. డ్యూటీ అంటేనే ఏడుపొస్తోంది. వేరే హాస్పిటల్‌కు మారిపోనా అక్కా?

జవాబు: మారొచ్చు తల్లీ. కొత్తవాళ్లు స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి, వీసాకు మళ్లీ అప్లై చేయాలి, నిన్ను తెచ్చిన ఖర్చు తిరిగి కట్టమనే షరతు కాంట్రాక్టులో ఉందేమో చూసుకోవాలి. అవన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులోనూ నీ కాగితాల్లోనూ ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. నేను చెప్పాలనుకున్నది వేరే.

నాది కావలి. 2016 నవంబరులో వచ్చాను. ఒంగోలులో ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రిపూట ఫ్లోరంతా ఒక్కదాన్నే చూసుకున్నాను కదా, ఇక్కడ ఎనిమిదిమంది పేషెంట్లు ఒక లెక్కా అనుకున్నాను. అక్కడ ప్రతి మంచం పక్కన ఒక అమ్మో వదినో ఉండేదన్న సంగతి తట్టలేదు. ఒళ్లు తుడిచేది, అన్నం తినిపించేది వాళ్లే. ఇక్కడ అసిస్టెంట్లు ఉన్నా, అర్ధరాత్రి ముసలాయన భయపడితే చెయ్యి పట్టుకోవాల్సింది మనమే.

ఆ చలికాలం నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన పోయాడు. ఒళ్లు తుడిచి, దుప్పటి సర్ది, కాలికి పేరు చీటీ కడుతుండగానే పక్క బెడ్ బెల్ మోగింది. వెళ్లిపోయాను. ఏడవలేదు. పది రోజుల తర్వాత వంటగదిలో పాల డబ్బా చెయ్యిజారి ఒలికితే నేల మీద కూలబడి గంటసేపు ఏడ్చాను. ఆ తర్వాత నాకు తెలియకుండానే మనుషుల్ని 'ఆరో బెడ్', 'తొమ్మిదో బెడ్' అనడం మొదలుపెట్టాను. ఒకరోజు ఒకామె, "మా నాన్న పేరు మీకు తెలుసా?" అని అడిగితే చెప్పలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

దీనికి పేరుందని చాలా ఆలస్యంగా తెలిసింది. బర్నవుట్. క్రిస్టినా మాస్లాక్ అనే సైకాలజిస్టు 1981లోనే దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. మనసు అలిసిపోవడం, ఎదుటి మనిషి వస్తువులా కనపడటం, నేను చేసే పనికి విలువే లేదనిపించడం, ఈ మూడూ అందులో చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఇది ఉద్యోగం వల్ల వచ్చే స్థితే గాని జబ్బు కాదని చెప్పింది. కాబట్టి నాకేదో అయిపోయిందని బెంగపడకు.

నాకప్పుడు ఇవేమీ తెలియక తప్పంతా హాస్పిటల్‌దే అనుకున్నాను. పదకొండు నెలలకే మానేసి, అప్పు చేసి ఖర్చు కట్టి ఇంకో ఊరు పోయాను. నాలుగు నెలలు బాగుంది, మళ్లీ అదే. ఇంకోసారి మారాను. మూడేళ్లలో మూడు ఊళ్లు. పక్కింటావిడ పేరు తెలిసేలోపే పెట్టె సర్దేదాన్ని. నా అసలు పొరపాటు అదమ్మా. నైట్ ముగించుకుని ఎనిమిదిన్నరకు ఇంటికొస్తే మన ఊళ్లో మధ్యాహ్నం రెండు. అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావు?" అనేది. సింకు దగ్గర నిలబడి ఒట్టి బ్రెడ్డు నములుతూ "వంకాయ కూర" అని చెప్పేదాన్ని. ఆ అబద్ధం రోజూ చెప్పే మనిషికి ఏ హాస్పిటలైనా ఒకటే.

మూడో ఊళ్లో పైఅంతస్తు కేరళ నర్సు ఒక ఆదివారం తలుపు కొట్టి, అన్నం ఎక్కువైంది రమ్మంది. వార్డు మారలేదు, స్టాఫ్ కొరతా తీరలేదు. కానీ 2019 నుంచి నేను కదల్లేదు. ఇప్పుడు ఆ వార్డుకు మేనేజర్‌ని. మీ తరానికి ఫోన్లో వందమంది దొరుకుతారు, ఎదురుగా కూర్చుని తినే మనిషి మాత్రం లేదు. అది నాకు దిగులుగా ఉంటుంది.

మనుషులు చాలని షిఫ్టు అయితే రాతపూర్వకంగా రిపోర్టు చెయ్యి. వార్డు పడకపోతే ముందు అదే హాస్పిటల్‌లో మరో వార్డు అడుగు. సెలవు రోజుల్లో డబ్బుకోసం ఎక్స్‌ట్రా షిఫ్టులు కొన్నాళ్లు ఒప్పుకోకు.

ఈ వచ్చే సెలవుకు మన చేపల పులుసు పెట్టు. కొరమీను దొరకదు, మాకెరెల్‌తో బాగానే వస్తుంది. ఇండియన్ షాపులో పుల్ల మామిడికాయ తెచ్చి నాలుగు ముక్కలు వెయ్యి. ముగ్గురికి సరిపడా వండి, నీతో కలిసి ఈ దేశం వచ్చిన ఆ ఇద్దరు అమ్మాయిల్నీ పిలువు. అయ్యాక నాకు రాయి, రాజీనామా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.