దిగువమెట్ట దాటాక నల్లమలలో ఉన్న పాత రైలు వంతెన ఎందుకు వదిలేశారు?

మీరు అడిగేది దొరబావి వంతెన గురించే కదా. గుంటూరు-గుంతకల్ మీటర్ గేజ్ లైన్ కోసం బ్రిటిషోళ్లు 1880ల్లో చలమ, బొగద స్టేషన్ల మధ్య లోయ మీద కట్టింది అది, లెక్కకి నంద్యాల జిల్లాలోకి వస్తది గానీ మా గిద్దలూరోళ్లకి మాత్రం మనదే. మీటర్ గేజ్ అంటే పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్‌కి 1676, బండ్లు కూడా బరువు, వెడల్పు ఎక్కువ, ఆ కాలం ఇనుప వంతెన మీద అయి ఎట్ట పోతాయి? అందుకే 1990ల్లో గేజ్ మార్చేటప్పుడు లైనే వేరే దారిన వేసి దీన్ని వదిలేశారు. మా తాత చెప్పేవాడు, వంతెన మీదకి రాగానే బండి నత్తలాగా పాకేదంట, కిటికీ పక్కన కూర్చున్న ఆడోళ్లు కిందకి చూళ్లేక కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లంట.