సీఆర్పీ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి గోలీ ఆపండి

ప్రశ్న: వయసు 52, మాది ఖమ్మం. ఆరేళ్లుగా షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నా. రోజుకు 8 సిగరెట్లు తాగుతా. మొన్న టెస్టుల్లో హెచ్‌ఎస్ సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 6.2, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటు) 8.4 వచ్చాయి. వీడియోలు చూసి బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఉన్న యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ తెప్పించుకున్నా. మోకాళ్ల నొప్పికి 3 నెలలుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నా. ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాల్ని దెబ్బతీసే ఆక్సిజన్ పదార్థాలు ఎక్కువవడం), ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోపలి వాపు)... ఏది ముందు వస్తుంది? క్యాప్సూల్స్ డోసు పెంచొచ్చా?

జవాబు: డోసు పెంచడం కాదండీ, ఆపేయండి. అంతకంటే ముందు మీరు మాటవరసకి రాసిన డైక్లోఫెనాక్ ఉంది చూడండి, నన్ను భయపెట్టింది అది. షుగర్ ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ పడుతోంది, వీటికి తోడు 3 నెలలు నొప్పి గోలీ అంటే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోవచ్చు, బీపీ పెరగొచ్చు, గుండెకీ మంచిది కాదు. ఎవరు రాశారు మీకు? మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఉంటారు. మోకాలి నొప్పే కదా అని మీలాగే వేసుకుంటూ పోయి, కాళ్లు వాచాక వచ్చేవాళ్లని ఓపీలో చూస్తూనే ఉంటాను, అప్పటికి క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో పెరిగిపోయి ఉంటుంది, నాకు నిజంగా బాధేస్తుంది. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో టెస్టు చేయించండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇక ఏది ముందు అంటే, గీత గీసి చెప్పలేం. తెల్ల రక్తకణాలు క్రిముల్ని చంపడానికి సూపర్‌ఆక్సైడ్ లాంటి ఆక్సిజన్ పదార్థాల్ని వదులుతాయి, అవి ఎక్కువైతే మన కణాల్లోనే ఎన్‌ఎఫ్ కప్పా బి అనే స్విచ్ ఆన్ అవుతుంది, దాంతో ఐఎల్ 6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు తయారై ఇంకొన్ని తెల్లకణాల్ని పిలుస్తాయి, అవొచ్చి మళ్లీ అదే వదులుతాయి. ఆ ఐఎల్ 6 చెప్తేనే లివర్ సీఆర్పీ తయారుచేస్తుంది. షుగర్ ఎక్కువున్నా, సిగరెట్ తాగినా, పొట్ట చుట్టూ కొవ్వున్నా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ పైన నీళ్లు చిలకరిస్తే మంట ఆరుతుందా? మీ క్యాప్సూల్స్ చేసేది అంతే.

అంతే అయితే పర్లేదు, కానీ సిగరెట్ తాగేవాళ్లకి బీటా కెరోటిన్ హాని కూడా చేస్తుంది. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన స్టడీలో, 1994లో రిజల్ట్ వచ్చింది, రోజుకు 20 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో లంగ్ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ కనిపించింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో స్టడీని 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం. విటమిన్ ఇ రోజూ 400 యూనిట్లు వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ పెరిగిందని 2011లో తేలింది. క్యారెట్, ఆకుకూరలు, ఉసిరికాయ తినండి, వాటితో ఈ భయం లేదు.

సీఆర్పీ 3 దాటితే గుండెకి రిస్క్ ఎక్కువ అంటాం గానీ జలుబు చేసినా, పంటి చిగుళ్లు చీము పట్టినా పెరుగుతుంది, కాబట్టి రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి, చిగుళ్లు డెంటిస్టుకి చూపించండి. నన్నడిగితే 6.2 కంటే ఆ 8.4 ఎక్కువ కంగారు పెట్టాలి మిమ్మల్ని, దాని గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు మీరు!

మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పలేను. మీ ఫిజీషియన్ దగ్గరికి వేసుకునే గోలీలన్నీ, ఆ క్యాప్సూల్స్ డబ్బాతో సహా పట్టుకెళ్లండి. ఈలోపు మూత్రం తగ్గినా, ముఖం, కాళ్లు వాచినా, మలం నల్లగా వచ్చినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లండి.